సంశయించువాని ధర్మము

సందేహించుట పాపమని మన పెద్దలలో కొందరు చెప్పుచుందురు. మేమట్లు తలపము. ఈ పత్రికను చదువు గృహస్థులకు సందేహము క్రొత్త సరకు గాదు. బాల్యవివాహము శాస్త్రసమ్మతమని పదిమందియు ననుచున్న దినములలో, ఏ శాస్త్రము, ఎచ్చట, ఎవరి మేలుకొరకు అని యడుగువారు కొందరుండిరి. వారు సందేహించుటచేతనే మన యాడుబిడ్డల బ్రదుకులకు కొంత వెలుతురు గలిగినది. సంస్కారమును గోరువానికి మొదటి పనిముట్టు సందేహమే. కావున ఆ పనిముట్టు ఎప్పుడు మేలు చేయును, ఎప్పుడు కీడు చేయును అని విచారించుట ఇతరులకంటె మనకే యెక్కువ యవసరము.

ఈ విచారణకు నేడొక గొప్ప సందర్భము కలిగియున్నది. భూగోళముయొక్క శీతోష్ణస్థితి మారుచున్నదనియు, అందుకు మనుష్యుడు కాల్చు రాక్షసిబొగ్గును రాతిచమురును ముఖ్యకారణములనియు శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. దీనినిగూర్చి విద్యావంతుల యిండ్లలో రెండు తెరగుల మాటలు వినబడుచున్నవి. ఒకరు, "ఇది యంతయు పాశ్చాత్యులు పుట్టించిన బెదరు, మా తాతల నాడును రోహిణికార్తెలో రోళ్లు పగిలినవి" అందురు. వేరొకరు, "మేడమీద సౌరఫలకములను బిగించి, వాకిట విద్యుద్వాహనమును నిలిపితిమి, ఇక లోకము తరించును, దీనిని శంకించువాడు లోకద్రోహి" అందురు. మొదటివాడు అన్నింటిని సందేహించును. రెండవవాడు దేనిని సందేహింపడు. వీరిరువురిలో నెవ్వరికిని సందేహముయొక్క ధర్మము తెలియలేదని మా యభిప్రాయము.

మన తార్కికులు ఈ విషయమును మిక్కిలి చక్కగా నాలోచించి యున్నారు. గౌతముని న్యాయసూత్రములలో తెలియదగిన పదార్థములు 16 చెప్పబడినవి. ప్రమాణము, ప్రమేయము అను రెంటి తరువాత మూడవది సంశయము. వారు దానిని దోషములలో జేర్పక విచారణకు ద్వారముగా నిలిపిరి. మునిమాపువేళ దూరమున నిలువుగా నేదో కనబడును. అది మోడా, మనిషియా? ఈ ప్రశ్న పుట్టనివాడు దగ్గరకు బోడు. పుట్టినవాడు నాలుగడుగులు వేసి, చేతులున్నవా, కొమ్మలున్నవా యని పరికించి, పిమ్మట నిర్ణయించును. నిర్ణయము ఆ పట్టికలో తొమ్మిదవది. సంశయమున బుట్టిన విచారణ నిర్ణయమున ముగియవలెనని దీని భావము. నాలుగడుగులు వేయుటకు నొల్లక, "మోడో మనిషియో యెవడెరుగును" అని రాత్రి యంతయు అరుగుమీద గూర్చుండువానిని ఎవ్వరును తార్కికుడనరు.

ఆ తార్కికులే వాదము, జల్పము, వితండ యని మూడు విధములగు చర్చలను వేరుపరచిరి. సత్యము తెలిసికొనుటకై చేయునది వాదము. ఎట్లైనను గెలువవలెనని చేయునది జల్పము. తనకు పక్షమన్నది లేక, ఎదుటివాని మాటను ఖండించుటయే పనిగా బెట్టుకొన్నది వితండ. ఈ భేదమునుబట్టి మేము సంశయించువానికి మూడు నియమములను గ్రహించుచున్నాము. ఏమి చూపినచో తన సందేహము తీరునో అతడు ముందుగా చెప్పవలెను. తన కిష్టమైన పక్షమును, ఇష్టము గాని పక్షమును ఒకే త్రాసున దూచవలెను. సందేహము తీరులోపల ఆ యాలస్యమునకు మూల్య మెవరు చెల్లించుచున్నారో యెరిగి యుండవలెను. ఈ మూడింటిని పాటించువాని సందేహము ఎంత తీవ్రమైనను పూజ్యమే. పాటింపనివాడు ఎంత పండితుడైనను వైతండికుడే.

ఇక విషయమునకు వత్తము. శీతోష్ణస్థితినిగూర్చిన సందేహములు రెండు జాతులవి. భూమి వేడెక్కుట నిజమా, అందుకు మనుష్యుడు కారణమా యనునది మొదటిది. చెప్పబడుచున్న చికిత్సలు పనిచేయునా, న్యాయమైనవా యనునది రెండవది. ఒకటి రోగమునుగూర్చినది, మరియొకటి మందునుగూర్చినది. ఈ రెంటిని కలగలుపుటవలననే మన సంభాషణలలో వేడియే తప్ప వెలుతురు పుట్టుట లేదు.

మొదటి సందేహమును జూతము. ఇది నిన్న మొన్న కల్పింపబడిన మాట యనువారు చరిత్రను జూడవలెను. వాయుమండలము భూమి వేడిమిని నిలుపుచున్నదని ఫ్రాన్సు దేశపు గణితజ్ఞుడు ఫూరియే 1824లోనే వ్రాసెను. 1856లో అమెరికా వనిత యూనిస్ ఫుట్ గాజుగొట్టములలో వేర్వేరు వాయువులను నింపి యెండలో నుంచి, బొగ్గుపులుసు వాయువు నింపిన గొట్టము అధికముగా వేడెక్కుటను గమనించెను. ఆ వాయువు గాలిలో హెచ్చినచో భూమియు వేడెక్కునని యామె సూచించెను. ఆ కాలమున విద్వత్సభలలో స్త్రీల మాట కెంత విలువ యుండెనో మన చదువరులకు వేరుగా జెప్ప నక్కర లేదు. ఆమె కృషి చాలకాలము మరుగుపడి యుండెను. 1859లో టిండాల్ అను ఐర్లండు దేశపు శాస్త్రజ్ఞుడు ప్రయోగశాలలో కొలతలు తీసెను. 1896లో స్వీడను దేశపు రసాయనజ్ఞుడు అరీనియస్, గాలిలోని యీ వాయువు రెట్టింపైనచో భూమి యెన్ని డిగ్రీలు వేడెక్కునో లెక్క కట్టెను. అప్పటికి నేటి రాజకీయములును లేవు, సౌరఫలకములమ్ము వర్తకులును లేరు.

వెనువెంటనే సందేహించినవారు కూడ కలరు. 1900లో ఆంగ్‌స్ట్రామ్ అను స్వీడను శాస్త్రజ్ఞుడే అరీనియస్ లెక్కను ఆక్షేపించెను. గాలిలో నున్న బొగ్గుపులుసు వాయువు తాను పీల్చగల వేడిమి నంతయు ఇదివరకే పీల్చుచున్నది, ఇక నెంత చేర్చినను భేదముండదని యాతని వాదము. ఇది గట్టి సందేహము. దీనికి సమాధానము దొరకుటకు అర్ధశతాబ్దము పట్టెను. భూమికి జాల ఎత్తున గాలి పలుచనై చల్లనై యుండును; వేడిమి ఆకాశములోనికి దప్పించుకొనిపోవునది యచ్చటినుండియే; అచ్చట వాయువు హెచ్చినకొలది తప్పించుకొను చోటు మరింత ఎత్తునకు, మరింత చల్లని చోటికి జరుగును; అందుచే క్రింద వేడిమి నిలిచిపోవును అని 1950 ప్రాంతపు కొలతలవలనను గణితమువలనను తేలినది. ఆంగ్‌స్ట్రామ్ సందేహించుటచేతనే సిద్ధాంతము బలపడినది. సందేహము శాస్త్రమునకు శత్రువనువారు ఈ కథను జ్ఞాపకముంచుకొనవలెను.

తరువాతి కాలమున కొలతలు పెరిగినవి. 1958లో కీలింగ్ అను నమెరికా శాస్త్రజ్ఞుడు హవాయి దీవిలోని మౌనా లోవా పర్వతముపై గాలిని కొలుచుట కారంభించెను. అప్పుడు పదిలక్షల పాళ్ల గాలిలో బొగ్గుపులుసు వాయువు సుమారు 315 పాళ్లుండెను. 2024 సంవత్సరపు సగటు 424 పాళ్లు. యంత్రయుగమునకు పూర్వము అది రమారమి 280. ధ్రువప్రాంతపు మంచులో చిక్కుకొన్న గాలిబుడగలను పరీక్షింపగా, గత 8 లక్షల సంవత్సరములలో నెన్నడు నది 300ను మించి యంతగా పోలేదని తేలినది.

"ఆ వాయువు మన పొయ్యిలనుండియే వచ్చెననుట కేమి సాక్ష్యము? సముద్రమునుండియో అగ్నిపర్వతములనుండియో వచ్చి యుండరాదా?" అని యడుగవచ్చును. ఇది తగిన ప్రశ్న. బొగ్గుమూలకమునకు బరువులో కొంచెము భేదముగల రూపములు గలవు. పూర్వకాలపు చెట్లనుండి పుట్టిన రాక్షసిబొగ్గులోను చమురులోను ఆ రూపముల పాళ్లు వేరుగా నుండును. గాలిలోని పాళ్లు ఆ దిక్కునకే మారుచున్నవి. మరియు నేదైన మండునపుడు ప్రాణవాయువు ఖర్చగును. గాలిలో నదియు కొంచెము కొంచెముగా తరుగుచున్నది. దొంగ యడుగుజాడ యింటి గుమ్మమువరకు వచ్చినట్లున్నది.

"సూర్యుడే తీక్ష్ణమగుచున్నాడేమో" యని మరియొక శంక. అట్లైనచో గాలి పై పొరలును క్రింది పొరలును గూడ వేడెక్కవలెను. కొలిచి చూడగా క్రింద వేడియు, చాల పైన చల్లదనమును గనబడుచున్నవి. కంబళి కప్పుకొన్నవానికి లోపల వేడిగా నుండి, కంబళి బయటిప్రక్క చల్లగా నుండుటవంటి దిది. ఇక "పూర్వము కూడ భూమి వేడెక్కలేదా, చల్లబడలేదా" యందురు. నిజమే. వెనుక పిడుగులు పడియు గడ్డివాములు కాలినవి. అంతమాత్రమున నేడు దివిటీతో వామి నంటించి దొరికిపోయినవాడు నిర్దోషి యగునా?

ఇట్టి సాక్ష్యములన్నియు జూచి, ఐక్యరాజ్యసమితి పక్షమున 1988లో నేర్పడిన శాస్త్రజ్ఞుల సంఘము 2021లో, మనుష్యుని కార్యములే భూమిని వేడెక్కించుచున్నవనుట నిస్సందేహమని తీర్మానించెను. యంత్రయుగారంభముతో బోల్చిన అప్పటికి హెచ్చినది ఇంచుమించు 1.1 డిగ్రీ. 2024 సంవత్సరమొక్కటిని దీసికొన్నచో హెచ్చు 1.5 డిగ్రీలను దాటినది.

ఈ మొదటి సందేహమును మా నియమములప్రకారము నడపినవాడొకడు కలడు. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రాచార్యుడగు రిచర్డ్ ముల్లర్, భూతాపపు లెక్కలు సరియైనవి గావని శంకించెను. పట్టణములు పెరిగి ఉష్ణమాపకములచుట్టు మేడలు లేచుటచే వేడి యెక్కువగా గనబడుచున్నదేమో యనునది ఆతని శంకలలో నొకటి. ఆతడు అరుగుమీద గూర్చుండలేదు. 2010లో సహాయకులను గూర్చుకొని వేలకొలది స్థానములనుండి వచ్చిన కొలతలను మొదటినుండి తిరిగి లెక్కించెను. ఆ పనికి వచ్చిన ధనములో కొంత, భూతాపవాదమును వ్యతిరేకించు ధనికుల ధర్మనిధినుండియే వచ్చినది. 2012లో ఆతడు, తన శంక తీరినదనియు, వేడెక్కుట నిజమనియు, దానికి దాదాపుగా మనుష్యుడే కారణమనియు ప్రకటించెను. పోషకులకు రుచింపని ఫలితమును దాచక చెప్పిన యీతనిని మేము సంశయించువారికి ఆదర్శముగా జూపుదుము.

సందేహించినవాడే గెలిచిన సందర్భములును గలవు. హిమాలయములలోని మంచునదులు 2035 నాటికి కరగి మాయమగునని పైని చెప్పిన సంఘమువారి 2007 నివేదికలో నొక మాట పడినది. మన దేశపు భూగర్భశాస్త్రజ్ఞుడు వి. కె. రైనా 2009లో వెలువడిన తన పత్రమున, కొలతలు అట్టి నిర్ణయమునకు దావీయవని చూపెను. మొదట నాతని మాటను తృణీకరించిరి. కాని 2010 జనవరిలో ఆ సంఘమువారే 2035 అను మాటకు తగిన యాధారము లేదని యొప్పుకొని దానిని విడిచిరి. ఆ తప్పును దాచబోయినవారు శాస్త్రమునకు సేవ చేయలేదు. అయితే, ఈ యొక్క తప్పును బట్టుకొని మంచునదులు కరగుటయే లేదని యూరేగినవారు కూడ సత్యమునకు సేవ చేసినవారు గారు. పంచాంగమున నొక తిథి తప్పుగా నచ్చుపడినచో అమావాస్య రాక మానదు గదా.

ప్రతి కీడును శీతోష్ణస్థితి నెత్తిన రుద్దుటయు నిట్టి దోషమే. కాకినాడ చెంత ఉప్పాడ తీరమును సముద్రము కోయుచున్నది. సముద్రమట్టము హెచ్చుట ఆ కోతకు దోహదము చేయును. కాని నదులపై నానకట్టలు కట్టుటచే ఒండ్రుమట్టి తీరమునకు జేరుట తగ్గుటయు, తీరపు నైసర్గిక స్థితియు గూడ కారణములే. అన్నిటికి నొకే కారణము జెప్పువాడు విచారణను చంపుచున్నాడు. అట్లు చెప్పుటవలన దగ్గరి దోషులు తప్పించుకొందురు కూడ.

ఇంతవరకు చెప్పినది సత్యసంధుల సందేహము. అమ్మకపు సందేహమని వేరొకటి గలదు. పొగాకువలన పుట్టకురుపు పుట్టునని వైద్యులు 1950 ప్రాంతమున నిరూపింపగా, అమెరికాలోని సిగరెట్టు వర్తకులు ఆ మాటను ఖండింపజాలక, "ఇంకను నిశ్చయముగా దెలియలేదు" అని జనుల మనస్సులలో నాటుటకు విశేషధనమును వ్యయపరచిరి. అదే యుక్తిని పిమ్మట చమురు వర్తకులును అవలంబించిరి. ఎక్సాన్ అను గొప్ప చమురు కంపెనీవారి సొంత శాస్త్రజ్ఞులు 1977 మొదలుకొని భూతాపమునుగూర్చి వేసిన లెక్కలను 2023లో పరీక్షింపగా, అవి చాలవరకు సరిపోయినవని తేలినది. లోపల నొక లెక్క, బయట మరియొక మాట. వీరి సందేహము తీరనిది; ఏలయన తీరుట వారికి నష్టము. ఏమి చూపిన నీ శంక తీరును అని యడిగినచో వీరు బదులు చెప్పరు. వీరిని గుర్తించుటకు మా మొదటి నియమము చాలును.

ఇక రెండవ సందేహము, అనగా మందునుగూర్చినది. ఇచ్చట మేము సంశయించువారి పక్షమున జాలదూరము నడువగలము. రోగము నిజమైనంతమాత్రమున సంతలో నమ్మబడు ప్రతి మందును నిజము గాదు.

రెండు నిదర్శనములను జూపెదము. శీతలయంత్రములలో వాడు ఒక ద్రవమును దయారుచేయునపుడు హెచ్‌ఎఫ్‌సి-23 అను వాయువు ఉపఫలముగా బుట్టును. అది బొగ్గుపులుసు వాయువుకంటె పదివేల రెట్లకు మించి వేడిమిని నిలుపును. దీనిని నాశనము చేసినవారికి, 1997 నాటి క్యోటో ఒడంబడిక ననుసరించి, విక్రయింపదగిన పుణ్యపత్రములు లభించెను. మన దేశమునను చైనాలోను గల కొన్ని కర్మాగారములు ఈ మార్గమున పత్రములను సంపాదించెను. నాశనము చేయుటకగు ఖర్చు స్వల్పము, పత్రముల ధర యధికము. అందుచే నాశనము చేయు నిమిత్తమే ఆ వాయువు నెక్కువగా బుట్టించుచున్నారని యాక్షేపణలు బయలుదేరినవి. తుదకు ఐరోపావారు 2013లో ఆ పత్రములను దమ విపణిలో నిషేధించిరి. పాములను జంపినవారికి బహుమానమీయగా పాములను బెంచినట్లయ్యెను.

రెండవది అడవి ఆముదపు కథ. 2003లో మన ప్రణాళికాసంఘమువారు, బంజరు భూములలో అడవి ఆముదమును బెంచి, దాని నూనెను 2011-12 నాటికి డీసెలు నూనెలో నూటికి 20 పాళ్లు కలుపవచ్చునని సంకల్పించిరి. నీరక్కరలేదు, ఎరువక్కరలేదు, పసులు మేయవు అని ప్రచారము జరిగెను. నీరులేని చోట మొక్క బ్రదికినది గాని కాయ కావలసినంత కాయలేదు. గడువు గడచిపోయినది, సంకల్పము నెరవేరలేదు. నష్టపోయినవారు నమ్మి నాటిన రైతులు. ఆనాడు సందేహించినవారిని అభివృద్ధి నిరోధకులనిన, అది యెంత యన్యాయము!

నేటి మందులలో ముఖ్యమైనది సూర్యరశ్మినుండి విద్యుచ్ఛక్తిని దీయుట. పూర్వపు కర్నూలు జిల్లాలో గని, శకునాల గ్రామముల భూములలో సుమారు 5,900 ఎకరముల మేర 1,000 మెగావాట్ల సౌరశాల 2017లో పూర్తియైనది. బొగ్గు లేదు, పొగ లేదు. కాని యింత నేల గడ్డిబీడుగా నున్నపుడు అచ్చట గొర్రెలను మేపుకొనువా రెవరో, కూలికి బోవువా రెవరో విచారించుట ధర్మమా కాదా? పట్టాలేని పేదవాని బ్రదుకుతెరువు లెక్కలలో బంజరనియే వ్రాయబడును. నష్టపరిహారము పట్టాగలవానికే చేరును. సౌరశాలలు కట్టు ప్రతిచోటను వేయవలసిన ప్రశ్న యిది.

ఆ జిల్లాలోనే రోళ్లపాడున బట్టమేక పిట్టల కొరకు 1988లో నొక రక్షితస్థలము నేర్పరచిరి. గడ్డిబీడులు తరిగి, నేడచ్చట ఆ పిట్ట కనబడుటయే యపురూపమైనది. దేశమంతటను మిగిలినవి సుమారు 150 మాత్రమే యని యంచనా. అందు హెచ్చుభాగము రాజస్థానమున గలవు. ఆ యెడారిలోనే సౌరశాలలును గాలిమరలును విస్తారముగా లేచినవి. సూటిగా ముందునకు జూడజాలని యా బరువైన పిట్ట, విద్యుత్తీగలకు దగిలి చచ్చుచున్నది. 2021లో సుప్రీంకోర్టు తీగలను భూమిలో బాతుడని యాజ్ఞాపించెను. 2024 మార్చిలో ఆ యాజ్ఞను సడలించి, నిపుణుల సంఘమును నియమించి, శీతోష్ణస్థితి మార్పు కీడులనుండి రక్షణ పొందుట పౌరుల హక్కని కూడ చెప్పెను. ఒకవైపు అంతరించుచున్న పిట్ట. మరియొకవైపు పొగలేని విద్యుత్తు. రెండును మేలులే. రెండు మేలులు పోరాడునపుడు ఏదో యొకటి మేలు కాదని బుకాయించుట సులభము. రెంటి బరువును మోసి త్రోవ వెదకుట కష్టము. ధర్మవిచార మనునది ఆ కష్టమే.

బ్యాటరీలలో వాడు కోబాల్టు అను లోహములో హెచ్చుభాగము ఆఫ్రికాలోని కాంగో దేశమునుండి వచ్చుచున్నది. అచ్చటి గనులలో కొన్నింట చిన్నపిల్లలు చేతులతో ద్రవ్వుచున్నారని పలుమారులు వెల్లడియైనది. మన వాకిట పొగలేకుండుటకు వారి యూపిరితిత్తులు దుమ్ము పీల్చుట తగునా? కోబాల్టు లేని బ్యాటరీలు నేడు విరివిగా వచ్చుచున్నవనిన, అది ఇట్టి ప్రశ్నలు వేసినవారి పుణ్యము కూడ నని మేము నమ్ముచున్నాము.

అయితే మందును శంకించువానికిని మా రెండవ నియమము వర్తించును. త్రాసు ఒక్కటే కావలెను. సౌరశాలకు నేల గావలెననువాడు, బొగ్గు నేలను మ్రింగుట లేదా యని యడుగుకొనవలెను. మన సింగరేణి ప్రాంతమున పైకప్పులేని గనులకొరకు ఊళ్లకూళ్లు లేచిపోవుట, విద్యుత్కేంద్రముల బూడిద చెరువులు ప్రక్క పొలములపై పడుట, తరతరములుగా జూచి యలవాటుపడిన కీడులు. అలవాటైన కీడు కీడుగా గనబడదు. మన దేశపు విద్యుచ్ఛక్తిలో నూటికి 70 పాళ్లకు మించి నేటికిని బొగ్గునుండియే వచ్చుచున్నది. క్రొత్త మందు దోషములను మాత్రము లెక్కించి, పాత విషము దోషములను లెక్కింపని సందేహము, సగము సందేహము.

మరియు కాలము మారినపుడు సందేహమును మారవలెను. సౌరవిద్యుత్తు ధనికుల యాటవస్తువని 2010లో ననినచో తప్పులేదు. ఆ యేడు మన దేశపు వేలములలో యూనిటుకు 12 రూపాయలు పలికినది. 2017లో రాజస్థానపు భడ్లావద్ద నది 2 రూపాయల 44 పైసలకు దిగినది. నేడును పాతమాటనే పలుకువాడు శంకించుట లేదు, చదివిన పాఠమును వల్లించుచున్నాడు. "రాత్రి సూర్యుడుండడు గదా" యనునది మాత్రము నేటికిని సరియైన ప్రశ్న. పగటి శక్తిని నిలువచేయవలెను. మన శ్రీశైలపు ఎడమగట్టున, ఒక్కొక్కటి 150 మెగావాట్ల యంత్రములారు, అవసరమైనపుడు నీటిని తిరిగి పైకి దోడునట్లు నిర్మింపబడినవి. ఈ పద్ధతి సాధ్యమే కాని, జలాశయములకును మరల నేలయు నీరును గావలెను. కావున ప్రశ్న ముగియలేదు, ముగియనక్కరయు లేదు.

ఇచ్చట మన సంభాషణలలోని మూలదోషమును దెలుపవలసియున్నది. మందు చేదని కొందరు రోగమే లేదందురు. పన్ను హెచ్చునో, వాహనము మార్చవలసివచ్చునో, పరదేశీయులు మన యభివృద్ధికి అడ్డుపడుదురో యని భయపడి, ఉష్ణమాపకమునే యబద్ధమందురు. ఆ భయములలో న్యాయమైనవి లేకపోలేదు. ఏటికి తలకొక్కింటికి అమెరికావారు వదలు బొగ్గుపులుసు వాయువు సుమారు 14 టన్నులు, మనవారు వదలునది సుమారు 2 టన్నులు. నూరేండ్లు విందారగించినవారు, ఇప్పుడే విస్తరి వేసికొన్నవానికి మితాహారమును బోధించుట హాస్యాస్పదము. ఈ మాటను సభలలో గట్టిగా చెప్పవలెను. అయినను అది న్యాయమునుగూర్చిన వాదము. భూమి వేడెక్కుట లేదనుటకు సాక్ష్యము గాదు. అప్పు నెవరు తీర్పవలెనను తగవున్నంతమాత్రమున అప్పు లేదనరాదు. రెండవ తెగవారు దీనికి విపర్యయముగా, రోగము నిజము గనుక తమ చేతి మందును బరీక్షింపరాదందురు. అడవి ఆముదమును నాటించినది వీరి తొందరయే.

మూడవ నియమము మిగిలియున్నది. సందేహము తీరులోపల మూల్యమెవరిది? ఆంగ్లతత్త్వవేత్త క్లిఫర్డ్ 1877లో వ్రాసిన యొక వ్యాసమున నొక యోడ యజమానుని కథ గలదు. ఓడ పాతదని శంక కలిగినను, మరమ్మతు ఖర్చునకు వెరచి, శంకను లోలోపల నణచుకొని, జనులను నింపి యాతడు దానిని సముద్రముపైకి బంపును. అది మునుగును. ఆతడు మనఃపూర్తిగానే నమ్మియున్నను అట్లు నమ్ముటకు హక్కు లేదనియు, కావున దోషియే యనియు క్లిఫర్డ్ తీర్పు. ఆతడు శంక నణచుటవలన దోషియైనచో, ఓడ మునుగుచున్నదని వడ్రంగులందరు చెప్పుచుండగా శంకను గల్పించి కాలము గడపువాడు అంతకు దక్కువ దోషి యగునా? ఇరువురును ప్రయాణము చేయరు. ప్రయాణము చేయువారు వేరు.

2015 మే నెలలో ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను వడగాలికి రెండువేలమందికి పైగా మరణించిరని ప్రభుత్వముల లెక్క. ఆ వడగాలి కంతకును భూతాపమే కారణమని మేము చెప్పము. వడగాలి మనకు పూర్వమునుండి కలదు. కాని సగటు వేడి హెచ్చినకొలది అట్టి దినములు హెచ్చుననుట శాస్త్రము. చనిపోయినవారిలో హెచ్చుమంది కూలీలు, ముసలివారు, పనిపాటలు చేసికొను బీదలు. శీతలయంత్రము గల గదిలో గూర్చుండి భూతాపమును సందేహించువానికి ఆ సందేహమువలన నొక్క చెమటబొట్టును రాలదు. రోడ్డుమీద కంకర గొట్టువానికి ఆ సందేహ మొక పూట బ్రదుకు. న్యాయస్థానమున సందేహము కలిగినచో దాని ఫలమును ముద్దాయికి ఇత్తురు. ఏలయన శిక్ష ననుభవించువాడు ఆతడు. ఇచ్చట నపరాధములేకయే శిక్ష ననుభవించువాడు ఎండలో నిలిచినవాడు. కావున మిగిలిన సందేహముయొక్క ఫలము ఆతనికే చెందవలెను. అనిశ్చితమైన దానిని నిశ్చితమైనంతవరకు ఆగుడనుట తటస్థత గాదు. అదియు నొక పక్షమే.

గృహస్థులేమి చేయవలెనని యడుగుదురు. ఏ సిద్ధాంతము నొప్పుకొనకయే చేయదగిన పనులు కొన్ని గలవు. ఇంటి కప్పుపై తెల్లసున్నము వేసినచో గది చల్లబడును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పులనుగూర్చి యొక విధానమునే ప్రకటించినది. పనిమనిషికి, కూలివానికి మిట్టమధ్యాహ్నపు పని తప్పించుటకు ఏ నివేదికయు జదువ నక్కర లేదు. విద్యుత్తును వృథా చేయకున్న బొగ్గును మిగులును, సొమ్మును మిగులును. భూతాపవాదము రేపు తప్పని తేలినను ఈ పనులవలన నెవ్వరును చెడరు. ముందు వీనిని చేసి, పిదప పెద్ద మందులనుగూర్చి యెంతైన వాదింపవచ్చును. అట్టి వాదమునకు నైతికమైన యధికారము గూడ కలుగును.

సౌరఫలకము నమ్మవచ్చిన వర్తకుని, పాతబడిన తరువాత ఆ గాజును లోహమును ఎవరు తీసికొందురని యడుగుడు. భూతాపము బూటకమనువానిని, ఏమి చూపిన ఒప్పుకొందువని యడుగుడు. ఇరువురి సమాధానములను ఒకే త్రాసున దూచుడు. సమాధానము దొరికినంతమేర నిర్ణయించుకొనుడు, నిర్ణయించినంతమేర నడువుడు. క్రొత్త సాక్ష్యము వచ్చినపుడు నిర్ణయమును మార్చుకొనుటకు సిగ్గుపడకుడు. పూర్వము మన యిండ్లలోని యాచారములను ఈ విధముగానే పరీక్షించి, కొన్నింటిని విడిచితిమి, కొన్నింటిని నిలుపుకొంటిమి. పరీక్ష ముగియువరకు విధవను వంటింటిలోనే యుండుమని చెప్పినవారిని నాడు మనము సంశయవాదులని గౌరవింపలేదు. నేడును అట్టి యాలస్యమును ఆ పేరుతో గౌరవింపవలసిన పని లేదు.